మీదే ఊరమ్మా

ఇదే మా ఊరు, ఇదే మా ఊరు, అని దుప్పట్ల పిన్ని లోలోపల వల్లె వేసుకుంటూ కూర్చుంది. చిన్నప్పుడు ఎక్కాలు కూడా ఇంత భయభక్తులతో బట్టీ పట్టలేదు. పింఛన్ల ఆఫీసు వరండాలో ఈ ప్లాస్టిక్ కుర్చీలు ఎవరు కనిపెట్టారో గానీ, ముసలివాళ్ళ నడుములంటే పగబట్టినవాడై ఉండాలి. వెనక్కి వాలితే కాళ్ళు నేలకి అందవు, ముందుకి జరిగితే మనిషే జారిపోతుంది. గోడ మీది తెరలో ఎర్ర అంకె మారినప్పుడల్లా ఒక గంట టింగుమంటోంది. ఆ టింగుకి ఆవిడ చేతిలో చీటీ విప్పి చూసుకుని, తన అంకె కాదని తెలిశాక మళ్ళీ మడిచి పెట్టుకుంటోంది. పక్క కుర్చీలో ఆవిడ తోటికోడలు, అంటే మరిది పెళ్ళాం, ఒళ్ళో సంచీ పెట్టుకుని, పిల్లని పరీక్షకి తీసుకొచ్చిన తల్లిలా బిగుసుకుని ఉంది.

"ఏమని చెప్తావు అక్కా?" అంది తోటికోడలు.

"ఇదే మా ఊరు అని."

"అలా గొణిగితే ఎవరికి వినపడుతుంది? గట్టిగా చెప్పాలి. అడిగినదానికే చెప్పాలి. అసలు నీతో వచ్చిన చిక్కే అది, మొదటిసారి పిలిచినప్పుడు ఆ నోరు కాస్త కట్టుకుని ఉంటే ఈపాటికి నీకూ పింఛను వస్తూ ఉండేది."

తోటికోడలు ఉన్న మాటే కదా అంది. మొదటిసారి ఇదే ఆఫీసులో, ఆ చివరి గదిలో, బల్ల మీద ఫోను పెట్టి అందులోంచి తెలుగు మాట్లాడించారు. ఎవరో పెద్దాయన, గొంతులోనే మర్యాద తెలుస్తోంది. నమస్కారమమ్మా, మీదే ఊరమ్మా, అన్నాడు. అంతే, పిన్నికి ప్రాణం లేచొచ్చింది. ఆ గాజు తలుపుల మధ్య, ఆ మందుల వాసనలాంటి ఫినాయిలు వాసనలో, మన మాటలో ఒక మనిషి మీదే ఊరమ్మా అని పలకరిస్తే ఎవరు మాత్రం ఏం చెప్తారు? ఊరి పేరు చెప్పింది. తండ్రి పేరు చెప్పి, ఆయన రెండో కూతుర్నని చెప్పింది. వీధి మలుపులో సున్నం గోడల ఇల్లు మాదేనని చెప్పింది. చెప్పి ఊరుకుందా, మీదే ఊరు బాబూ, అని ఆయన్నీ అడిగింది. ఆయన చెప్పిన ఊళ్ళోకే తన మేనత్తని ఇచ్చారని తేలి, అయితే మీరు మాకు ఏదో వరస అవుతారండీ అనుకునేదాకా వచ్చింది వ్యవహారం. ఆయన అదంతా పొల్లు పోకుండా వాళ్ళ భాషలోకి మార్చి వినిపించాడు. ఆయన తప్పేముంది, అది ఆయన పని. తరవాత తెలిసింది, ఎదుటి కుర్చీలో ఆఫీసరు అడిగింది వేరే ప్రశ్న అని. మీ స్థిర నివాసం ఎక్కడ, అని అడిగాట్ట. అది ఆ పెద్దాయన నోట్లో పడి మీదే ఊరమ్మా అయింది, పిన్ని నోట్లోంచి పుట్టిన ఊరై బయటికొచ్చింది. ఈ దేశపు పౌరులు కానివాళ్ళకి కూడా, ఏళ్ళ తరబడి ఇక్కడే బతికి, ఇక ఇక్కడే ఉండిపోయేవాళ్ళయితే ముసలితనానికి పింఛను ఇస్తారు. ఈవిడ నివాసం ఇక్కడ కాదని ఈవిడే చెబుతోంది, కాబట్టి కుదరదు అన్నారు. నలభై ఏళ్ళ పైచిలుకు కాపురం ఒక్క పలకరింపులో కొట్టుకుపోయింది. మీ ఇల్లెక్కడమ్మా అని అడిగి ఉంటే వీధి పేరు, మూడో అంతస్తు, ఎడమచేతి వైపు తలుపు అని గడగడా చెప్పేది కదా. ఊరు వేరు, ఇల్లు వేరు. ఈ ముక్క ఎవరికి చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి?

ఇక్కడి భాష ఆవిడకి రాదని కాదు. కూరగాయలు బేరమాడేటంత వచ్చు, బస్సులో పక్కకి జరగమనేటంత వచ్చు, తడి, వేడి, మరక, తొందరగా, జాగ్రత్త, ఇలాంటివన్నీ బాగా వచ్చు. ఆస్పత్రి లాండ్రీలో అంతకంటే అక్కర్లేకపోయింది. దుప్పటి మడత ఇద్దరి పని. ఈ చివర తను, ఆ చివర తోటికోడలు. యంత్రంలోంచి సెగలు కక్కుతూ వచ్చిన దుప్పటిని చెరో అంచూ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించడం, దగ్గరికి నడిచి అంచుకి అంచు అప్పగించడం, మళ్ళీ వెనక్కి నడవడం. పొద్దున్నించి సాయంత్రందాకా ఇద్దరాడవాళ్ళు ఎదురెదురుగా వచ్చి, కలిసి, విడిపోయి, మళ్ళీ ఎదురుగా వచ్చి. అందుకే లాండ్రీలో పనిచేసే మనవాళ్ళందరూ ఆవిణ్ణి దుప్పట్ల పిన్ని అన్నారు, ఆ పేరు ఎంత అంటుకుపోయిందంటే ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని చూసుకునేది. ఎంతమంది రోగులు పడుకున్నారో ఆ దుప్పట్ల మీద, ఎంతమంది లేచి ఇంటికి పోయారో, ఎంతమంది లేవలేదో. ఎవరిదైనా ఒకటే మడత. చివరికి మణికట్లు రెండూ పట్టు తప్పి, సీసా మూత తియ్యడానికి కూడా పళ్ళు వాడే స్థితి వచ్చాక, ఇక చాలు వెళ్ళమన్నారు. పోనీలే, వాళ్ళూ ఎన్నాళ్ళని ఓర్చుకుంటారు.

ఇవాళ కూడా కాదంటే గది ఖాళీ చెయ్యాల్సిందే. ఇంటి ఓనరు చెడ్డవాడు కాదు, చాలాకాలం ఆగాడు, ఇంకా ఆగమంటే ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? మా ఇంటికి వచ్చెయ్ అక్కా, ఉన్నదాంట్లోనే సర్దుకుందాం, అని తోటికోడలు అననే అంది, ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. మొగుడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు కొన్నాళ్ళు ఆ ఇంట్లో పడుకుంది కూడా. కొడుకు, కోడలు, పిల్లలు, ముందుగదిలో సోఫా, ఆ సోఫా మీద తను. వాళ్ళ కోడలు ఒక్క మాట అనలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. స్నానాలగది తలుపు ముందు తువ్వాలు భుజాన వేసుకుని మాట్లాడకుండా నిలబడేది, అంతే. ఆ నిలబడటం లోపల స్నానం చేస్తున్న పిన్నికి తెలుస్తూ ఉండేది, ఒంటికి సబ్బు కూడా సరిగ్గా రుద్దుకోకుండా బయటికొచ్చేసేది. రాత్రి దగ్గొస్తే దిండులోకి దగ్గుకునేది. ఒకరి పంచన బతకడమంటే ఎవరో తిట్టడం, కొట్టడం అనుకుంటారు గానీ, అదేం కాదు, మన దగ్గు మనం దగ్గుకోలేకపోవడం. తన గది ఎంతదని, మంచం, పొయ్యి, ఒక కిటికీ. అయినా సాయంత్రం తన తాళంచెవితో తన తలుపు తీసుకుంటుంది. ఆ చిన్న చప్పుడు కోసమే ఇక్కడ బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

మంచం. మంచం సంగతి తలుచుకోకూడదనుకుంటుంది, తలుచుకోకుండా ఉండలేదు. మోసుకుపోలేని వస్తువు ఇంట్లోకి రాకూడదు, అది ఆయన సిద్ధాంతం. ఆయన, అంటే పిన్ని మొగుడు, అదే ఆస్పత్రిలో బాయిలరు గదిలో పనిచేసేవాడు, మనిషి మంచివాడే, మొండితనంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. రేపోమాపో పోయేవాళ్ళం మనకెందుకే, అనేవాడు. బీరువా కొందామంటే రేపోమాపో పోయేవాళ్ళం. కిటికీకి మంచి పరదా కుట్టిద్దామంటే రేపోమాపో పోయేవాళ్ళం. పెళ్ళైన కొత్తలో నవ్వొచ్చేది, తరవాత ఒళ్ళు మండేది, ఆ తరవాత అది గడియారం చప్పుడులా చెవికి పట్టడమే మానేసింది. కడుపు పండలేదు, పిల్లలుంటే బడి అనో చదువనో పెళ్ళిళ్ళనో ఏదో ఒక వంకతో ఈ నేలకి కట్టుబడేవాళ్ళేమో, ఏమీ లేకపోయేసరికి ఆ రేపూ అలాగే ఉండిపోయింది, మాపూ అలాగే ఉండిపోయింది. మరిది ఆయనలా కాదు, గడుసువాడు. ఒక ఆదివారం పౌరసత్వం కాగితాలు రెండు జతలు పట్టుకొచ్చాడు. అన్నయ్యా, నేనూ మీ మరదలూ పెట్టేశాం, నువ్వు పెట్టు, వదినకి కూడా తెచ్చాను, అన్నాడు. ఆయన చాప మీంచి లేవను కూడా లేవలేదు. అది పెడితే అక్కడిది వదులుకోవాలటగా, రేపోమాపో పోయేవాళ్ళకి ఎందుకురా ఇవన్నీ, అన్నాడు. వదినా నువ్వైనా చెప్పు, అని మరిది ఇటు తిరిగాడు. పిన్నికి పెట్టాలనే ఉంది. కానీ మొగుడు పెట్టని సంతకం పెళ్ళాం పెడితే ఏం బావుంటుంది అనుకుంది. బావుండటం, బావుండకపోవడం. ఎవరు చూడొచ్చారు కనక.

తరవాత ఆయనకి నడుం పడిపోయింది, నేల మీంచి లేవదీయడం ఆవిడ వల్ల కాలేదు. డాక్టరు మంచం ఉండాల్సిందే అన్నాడు. ఇద్దరు మనుషులు దాన్ని మూడంతస్తులూ మోసుకొచ్చారు, గుమ్మంలో పట్టలేదు, కోళ్ళు విప్పి పక్కకి తిప్పి తోశారు, గోడ పెచ్చు కూడా ఊడింది. బిగించి వెళ్ళిపోయాక ఆయన ఆ మంచం అంచున కూర్చున్నాడు. కాళ్ళు వేలాడుతున్నాయి. అరచేత్తో పరుపు నొక్కి చూసి, "బావుందే, ముందే కొనుక్కోవాల్సింది" అన్నాడు. పిన్ని వంటగట్టు దగ్గరికి వెళ్ళి కుళాయి బార్లా తిప్పి ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. ఆయన ఇక ఎక్కడికీ పోడని డాక్టరు చెప్పనక్కర్లేకపోయింది. ఆ ఏడు చలికాలం వెళ్ళకుండానే పోయాడు, ఊరవతల దిన్నె మీద, వరసల్లో ఒక వరసలో, ఇక్కడి మట్టిలోనే పడుకున్నాడు. ఊరవతల. చూశావా, మనసులో అనుకునేటప్పుడు ఇదీ ఊరే అవుతోంది. నోటితో చెప్పాల్సి వచ్చినప్పుడే ఎందుకో అడ్డం తిరుగుతుంది.

"అక్కా, నిద్రపోతున్నావా ఏంటి?" తోటికోడలు మోచేత్తో పొడిచింది. "బడి వదిలే వేళయింది, మనవణ్ణి తీసుకురావాలి. నీ అంకె ఎప్పటికి వస్తుందో ఏమో. నువ్వు పనయ్యాక బస్సెక్కి వచ్చెయ్. ఏమని చెప్తావు?"

"ఇదే మా ఊరు అని."

"అదీ. తెలుగు వినపడగానే పొంగిపోయి చుట్టరికాలు కలపకు తల్లీ, నీకు దండం పెడతాను."

అని సంచీ భుజాన తగిలించుకుని వెళ్ళిపోయింది, వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూసింది. నోరు పెద్దదే గానీ ప్రాణం పెట్టే మనిషి. పక్క కుర్చీ ఖాళీ అయ్యేసరికి వరండా ఒక్కసారిగా పెద్దదైపోయినట్టనిపించింది పిన్నికి. ఇదే మా ఊరు. అవతలి వరసలో ఒక ముసలాయన టోపీ ఒళ్ళో పెట్టుకుని అదే తెరని చూస్తున్నాడు, ఆయనకీ ఏదో ఒక మాట బట్టీ పట్టించే ఉంటారు. ఇదే మా ఊరు. అక్క వింటే ఏమంటుంది? తోడబుట్టిన అక్క, ఆ ఊళ్ళోనే ఉంది, కళ్ళు ఆనవు, ఫోను చెవికి ఏ వైపు పెట్టుకోవాలో కూడా ఎవరో ఒకరు చెప్పాలి. ఆదివారం ఆదివారం మాట్లాడుతుంది. మాట్లాడిన ప్రతిసారీ ఒకటే మాట, ఎప్పుడొస్తావే అని. ఈ ఏడు వస్తానక్కా, అంటుంది పిన్ని. నిరుడూ అదే అంది. అబద్ధం ఆడుతున్నానని ఎప్పుడూ అనుకోలేదు, బాగున్నావా అంటే బాగున్నాననడం లాంటిదే అది. అమ్మ పోయినప్పుడు ఒకసారి వెళ్ళింది. వెళ్ళేదాకా ఒకటే తహతహ, బస్సు దిగి పరిగెత్తుకుంటూ పోతాననుకుంది. తీరా వెళ్తే అక్క కొత్త దుప్పటి తీసి పరిచింది. పిన్ని ఆ దుప్పటి మడతలు చూసింది, పెట్టెలోంచి అప్పుడే తీసిన మడతలు, చుట్టాలకి వేసే దుప్పటి అది. వంటింట్లోకి వెళ్ళబోతే, నువ్వు కూర్చోవే, ఉన్న నాలుగు రోజులైనా, అంది అక్క. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు ఇచ్చి, "మీ ఊళ్ళో చలి ఎక్కువటగా, నీకు ఇక్కడి నీళ్ళు పడతాయో లేదో" అంది. మీ ఊళ్ళో. పిన్నికి అది ఎవరో చెంప మీద కొట్టినట్టు కాదు, తన చెప్పులు తనకే తెచ్చి గుమ్మం ముందు పెట్టినట్టు అనిపించింది. అక్క మాటవరసకి అంది, దానికి తెలియను కూడా తెలియదు. ఆ రాత్రి ఫోనులో ఆయనతో, ఎప్పుడు ఇంటికొస్తానా అని ఉందండీ, అంది తను. అన్నాక ఉలిక్కిపడింది. ఏ ఇంటికి? చాప, పొయ్యి, పరదా లేని కిటికీ. అదే ఇల్లు అయిపోయింది ఎప్పుడో, చెప్పా పెట్టకుండా.

టింగుమంది. ఈసారి అంకె తనదే. కాళ్ళు ముందు లేచాయి, మనిషి తరవాత లేచింది.

చిన్న గది. బల్ల వెనక కళ్ళద్దాల ఆఫీసరమ్మ, జలుబు చేసినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది, పక్కన రుమాలు. ఈసారి ఫోను లేదు, బల్ల చివర ఒక పడుచుపిల్ల కూర్చుంది, దుబాసీ పిల్ల, ఇక్కడి మాట అక్కడికి, అక్కడి మాట ఇక్కడికి చేర్చడానికి. కూర్చోండమ్మగారూ, ప్రయాసపడి వచ్చారు, అంది ఆ పిల్ల. పిన్ని తెల్లబోయింది. అంత లేత నోట్లో అంత ముసలి తెలుగు, నాయనమ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్న తెలుగు, ఇప్పుడెవరూ ఆడని మాటలు. ఎన్నాళ్ళయింది ప్రయాస అన్న మాట విని. అంతే, తోటికోడలు పెట్టిన దండాలన్నీ గాలికి పోయాయి, వల్లె వేసిన పాఠం పోయింది, ఆవిడ నోరు ఆవిడ మాట వినలేదు.

"నీదే ఊరమ్మా?" అంది.

ఆ పిల్ల తడుముకోకుండా ఊరి పేరు చెప్పింది.

"అక్కణ్ణుంచి ఎప్పుడొచ్చావు?"

"నేనెప్పుడూ చూళ్ళేదండి. అది మా తాతగారి ఊరు. నేను పుట్టింది ఇక్కడే..."

అని ఆగిపోయింది. ఆఫీసరమ్మ కలం బల్ల మీద రెండుసార్లు తట్టి ఏదో అడిగింది, ఇద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారనే అయి ఉంటుంది. కొంప ముంచాను, అనుకుంది పిన్ని, మళ్ళీ అదే పని చేశాను, నా నోటికి తాళం వెయ్య. ఆ పిల్ల మొహం కందిపోయింది. చెప్పకుండా ఉండటానికి వీల్లేదు, అన్నీ చెప్పాలి, అది ఆ పిల్ల పని. చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, ఎదురుగా ఉన్న కాగితాలు తిప్పి, మొదటిసారి పిన్ని చెప్పిన జవాబు వేలితో చూపించి, మళ్ళీ ఏదో చెప్పింది. పుట్టడం అన్న మాట పిన్నికి అర్థమైంది, ఎప్పుడూ అన్న మాట అర్థమైంది, మాట అన్న మాట అర్థమైంది. ఆఫీసరమ్మ కళ్ళద్దాలు తీసి, పిన్నిని కాదు, ఆ పిల్లని చూసింది, చాలాసేపు చూసింది.

"ఊరు అంటే ఏమిటో మిమ్మల్నే చెప్పమంటున్నారమ్మగారూ. నన్నడిగితే నేనూ నేను చూడని ఊరే చెప్పానని చెప్పాను, కానీ మీ నోటితో వినాలట."

ఊరంటే ఏమిటని ఎవరైనా అడుగుతారా? "ఊరంటే, ఎవరైనా అడిగితే చెప్పేది. అంతేనమ్మా. అక్కడ ఉండక్కర్లేదు" అంది పిన్ని.

ఆ పిల్ల దాన్ని ఒక్కొక్క మాటే నెమ్మదిగా మార్చి చెప్పింది. ఆఫీసరమ్మ ముక్కు తుడుచుకుని, ఏదో రాసుకుని, ఇంకొకటి అడిగింది, చిన్న ప్రశ్నే.

"ఇక ఇదొక్కటేనటమ్మగారూ. మీరు తిరిగి వెళ్ళిపోయి అక్కడ ఉండాలని ఏమైనా అనుకుంటున్నారా? అవుననో కాదనో చెబితే చాలు."

బట్టీ పట్టిన మాట దీనికి పనికిరాదు. దీనికి జవాబు ఎవరూ నేర్పలేదు. ఆయన ఉంటే రేపోమాపో అనేవాడు. అక్క ఈ ఆదివారం కూడా ఫోను చెవికి తలకిందులుగా పెట్టుకుని, ఎప్పుడొస్తావే అంటుంది. చెప్పకపోతే గది పోతుంది, తలుపు పోతుంది, ఇంకొకరి సోఫా మీద దిండులోకి దగ్గుకోవాలి. చెబితే, చెబితే ఏముంది, ఉన్న మాటే కదా. ఎన్నేళ్ళుగానో ఉన్న మాటే. వెళ్ళనని తనకి తెలుసు, మంచం వచ్చిన రోజునే తెలుసు, అంతకు ముందు కొత్త దుప్పటి పరిచిన రోజునే తెలుసు. కానీ తెలియడం వేరు. తోడబుట్టినదానికి చెప్పలేదు, కట్టుకున్నవాడికి చెప్పలేదు, దేవుడి ముందు ఒక్కతే కూర్చున్నప్పుడు కూడా పైకి అనలేదు. ఆ మాట మొట్టమొదట ఇక్కడ, పేర్లయినా తెలియని ఇద్దరాడవాళ్ళ ముందు, ఒకావిడ ముక్కు తుడుచుకుంటూ ఉండగా చెప్పాల్సి వచ్చింది.

"లేదమ్మా" అంది పిన్ని. "వెళ్ళను."

ఆ పిల్ల చెప్పింది. ఆ భాషలో అది ఇంకా చిన్న మాట. ఆఫీసరమ్మ సంతకం పెట్టి, కాగితం పక్కన పెట్టి, మొదటిసారి నవ్వింది.

"మంజూరైందమ్మగారూ" అంది ఆ పిల్ల, తనకే వచ్చినంత సంబరంగా. "వచ్చే నెల నుంచే ఇస్తారట. మొదటిసారి పొరపాటు మాటలో జరిగిందని రాసుకున్నారు."

పిన్ని ఇద్దరికీ చేతులు జోడించింది. సంతోషంగానే ఉంది, ఎందుకుండదు, ఇక సాయంత్రం తన తలుపు తను తీసుకోవచ్చు. తోటికోడలు ఎగిరి గంతేస్తుంది. సంతోషంగానే ఉంది గానీ కళ్ళమ్మట నీళ్ళు ఆగడం లేదు, కొంగుతో తుడుచుకున్నకొద్దీ వస్తున్నాయి, అక్కా అక్కా అని లోపల ఎవరో చిన్నపిల్ల ఏడుస్తున్నట్టుగా ఉంది. అలాగే కూర్చుండిపోయింది. బయట గంట టింగుమంది, ఇంకెవరిదో అంకె.

"ఇక వెళ్ళొచ్చమ్మగారూ" అంది ఆ పిల్ల మెల్లగా.

"ఎక్కడికి?" అంది పిన్ని.

పాపం పెద్దావిడ కంగారులో దారి మర్చిపోయిందనుకుంది ఆ పిల్ల. లేచి దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యి వేసి, మెట్లు దిగాక కుడివైపుకి తిరగమనీ, మందుల షాపు దాటితే బస్టాపు వస్తుందనీ, పాత ఆస్పత్రి మీదుగా వెళ్ళే బస్సు ఎక్కమనీ, చేత్తో చూపిస్తూ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆ వీధుల్లోనే వయసంతా అరగదీసుకున్న దుప్పట్ల పిన్ని, నిన్నగాక మొన్న దిగినదానిలా తలూపుతూ అంతా విన్నది.

"మళ్ళీ ఒకసారి చెప్పమ్మా" అంది.